స్టార్ట్ కాని బండి ముందు మొదటి పది నిమిషాలు

"బండి స్టార్ట్ అయితలేదు." కల్హేర్ నుంచి నారాయణఖేడ్ మెకానిక్‌కు ఫోన్ చేసి మనం చెప్పే మొదటి మాట ఇదే. అవతలి నుంచి వెంటనే ప్రశ్న వస్తుంది: "సెల్ఫ్ కొడితే ఏం సప్పుడొస్తుందన్నా?" చాలామంది అక్కడే తడబడతారు. చప్పుడు చెవిన పడింది గాని ఏం చప్పుడో గుర్తు లేదు. అప్పటికి తాళం ఎన్నోసార్లు తిప్పి ఉంటారు, ప్రతిసారీ ధ్యాసంతా "ఈసారైనా అందుకుంటుందా" అన్న దాని మీదే.

ఈ అధ్యాయం మిమ్మల్ని మెకానిక్‌ను చేయడానికి కాదు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగేలా చేయడానికి. జవాబు సరిగ్గా ఉంటే సగం పని ఫోన్‌లోనే అయిపోతుంది. తప్పుగా ఉంటే మెకానిక్ ఒక సామాను తెస్తాడు, బండికి ఇంకొకటి కావాల్సి ఉంటుంది, పూట గడిచిపోతుంది.

కల్హేర్ లాంటి చోట ఈ విద్య పట్నంలో కన్నా ఎక్కువ అవసరం. హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైనే. 161వ నంబరు జాతీయ రహదారి నిజాంపేట, పిట్లం మీదుగా పోతుంది గాని, ఆ రోడ్డెక్కాలంటే ముందు బండి ఇంటి ముందు నుంచి కదలాలి. నారాయణఖేడ్ పోవాలన్నా, బీదర్ పోవాలన్నా సొంత బండి మీద ఆధారపడే ఇళ్ళు ఎన్నో. ఒక్క మాట ముందే చెప్పాలి: ఇంట్లో నొప్పులు పడుతున్న ఆడబిడ్డో, ఛాతీ పట్టుకున్న పెద్దాయనో ఉంటే ఈ పరీక్షలేవీ చేయకండి. వెంటనే 108కు ఫోన్ చేసి, పక్కింటి బండి అడగండి. బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అలాంటి తొందర లేనప్పుడు చేయాల్సిన మొదటి పని తాళం తిప్పడం ఆపడం. సెల్ఫ్ మోటారు కొన్ని సెకన్ల పనికే తయారైంది. పది సెకన్లకు మించి తిప్పకూడదు, తిప్పాక కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి. ఆగకుండా కొడితే మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీలో మిగిలిన కాస్త ఛార్జీ కూడా పోతుంది. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. పొద్దున్న ఉన్న అసలు లోపం మీద "బ్యాటరీ దిగిపోవడం" అనే రెండో లోపాన్ని మనమే తెచ్చి పెడతాం. తర్వాత వచ్చినవాడికి రెండోది కనిపిస్తుంది, మొదటిది దాని వెనక దాక్కుంటుంది.

చార్లెస్ కెటరింగ్ తయారు చేసిన కరెంటు సెల్ఫ్ 1912లో కాడిలాక్ కార్లలో వచ్చేదాకా ఇంజన్‌ను చేత్తో హ్యాండిల్ తిప్పే లేపేవారు. మన దగ్గర పాత అంబాసిడర్లలో కూడా ఆ హ్యాండిల్ ఉండేది. అది ఎదురు తన్ని మణికట్టు విరిగినవాళ్ళున్నారు కాబట్టి ఆ రోజులు పోవడమే మంచిదైంది. కానీ హ్యాండిల్ తిప్పే మనిషి చేతికి ఇంజన్ బిగుసుకుందో, వదులుగా తిరుగుతోందో తెలిసేది. ఆ చేయి చేసిన పనిని ఇప్పుడు చెవి చేయాలి.

కాబట్టి కిటికీ దించండి, పాట ఆపండి, ఫ్యాను ఆపండి. హెడ్‌లైట్లు వేసి, ఒక మనిషిని బండి ముందు నిలబెట్టండి. ఒక్కసారి, మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. మీరు చప్పుడు వినండి, ఆ మనిషి లైట్లు చూడాలి. పరీక్ష ఇంతే. పైసా ఖర్చు లేదు, స్టార్ట్ కాని బండ్ల గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పే పరీక్ష కూడా లేదు.

లైట్లు అసలే వెలగలేదంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, లేదా టెర్మినల్ ఊడింది. వెలిగిన లైట్లు సెల్ఫ్ కొట్టగానే మాడిపోయినట్టు మసకబారి, "టకటకటక" మని చప్పుడొస్తే కరెంటు చాలడం లేదు. ఆ టకటక వెనక జరిగేది ఇదీ: సెల్ఫ్ మీద ఉండే సొలెనాయిడ్ స్విచ్ లోపలికి లాక్కుంటుంది, మోటారు కరెంటు గుంజగానే వోల్టేజీ పడిపోతుంది, స్విచ్ వదిలేస్తుంది, వోల్టేజీ మళ్ళీ లేస్తుంది, స్విచ్ మళ్ళీ లాక్కుంటుంది. సెకనులో ఎన్నోసార్లు. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూనే ఉండి, ఒక్క "టక్" మాత్రమే వస్తే అనుమానం బ్యాటరీ మీద నుంచి సెల్ఫ్ మీదకు పోవాలి: లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, బ్రష్షులు అరిగి ఉండొచ్చు. లైట్లు బాగున్నాయి, చప్పుడే లేదంటే తాళం స్విచ్, రిలే, ఫ్యూజు చూడాలి. ఆటోమేటిక్ బండి గేరు పార్కులోనో, న్యూట్రల్‌లోనో లేకపోయినా ఇలాగే మౌనంగా ఉంటుంది. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పని చేసే బండ్లలో పెడల్ కింద కాలిపట్ట మడతపడి అడ్డం వచ్చినా అంతే. "జుయ్" మని సెల్ఫ్ ఒక్కటే తిరిగి ఇంజన్ తిరగకపోతే దాని చివరి పళ్ళచక్రం ఇంజన్‌ను పట్టుకోవడం లేదు. ఇంజన్ హుషారుగా తిరుగుతూ అందుకోకపోతే చాలాసార్లు అది ఇంధనం కథ. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు కరెంటు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మన డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

"హారన్ గట్టిగా మోగుతోంది, బ్యాటరీ బాగానే ఉంది" అన్న మాట ప్రతి వాడలో వినిపిస్తుంది. అది తప్పు, ఎందుకు తప్పో లెక్క చూడండి. రెండు హెడ్‌లైట్లు కలిసి వాడుకునేది తొమ్మిది ఆంపియర్ల చిల్లర. సెల్ఫ్ మోటారు గుంజేది రెండు వందల ఆంపియర్ల దాకా, డీజిల్ బండిలో ఇంకా ఎక్కువ. ఇప్పుడు టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పట్టి, ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఏర్పడిందనుకోండి. లైట్లకు పోయే దారిలో దానివల్ల తగ్గేది 0.09 వోల్టు. ఎవరికీ తెలియదు. సెల్ఫ్‌కు పోయే దారిలో మాత్రం అదే పొడి 2 వోల్టులు మింగేస్తుంది. పన్నెండు వోల్టుల బండిలో రెండు పోతే ఇంజన్ లేవదు. సన్న పైపుతో చెంబు నిండుతుంది గాని మడి తడవదు కదా, ఇదీ అంతే.

అందుకే బ్యాటరీ కొనే ముందు పది నంబరు పానా తీసుకోండి. ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పండి. వేడినీళ్ళలో వంటసోడా కలిపి ఆ పొడి కడిగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరనిచ్చి, ఈసారి ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించండి. పైన పలచగా వాజలీన్ రాయండి. బిగించిన క్లాంపు చేత్తో తిప్పితే కదలకూడదు. మైనస్ ముందు విప్పమనడానికి కారణముంది: ప్లస్ విప్పేటప్పుడు పానా పొరపాటున బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ మీద హైడ్రోజన్ వాయువు ఉంటుంది. ఆ పని చేసేటప్పుడు బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి.

కొన్ని వందల రూపాయలకు మల్టీమీటర్ దొరుకుతుంది. ట్రాక్టరు, బోరు మోటారు ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉండాల్సిన పనిముట్టు. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే కిందికి పోతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6కు తగ్గకూడదు. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 దాకా చూపిస్తే డైనమో ఛార్జ్ చేస్తోంది. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి బండిలో పెట్టుకోండి.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఏడేళ్ళ పాత డీజిల్ బండి, యజమాని కంది, పత్తి పండించే రైతు అనుకుందాం. డిసెంబరు పొద్దున సెల్ఫ్ మెల్లగా, బరువుగా మూలుగుతోంది. చుట్టూ నలుగురు చేరారు. ఒకరు "బ్యాటరీ పోయింది పటేలా" అన్నారు. ఐదారు వేలు పెట్టి కొత్తది వేశారు. నాలుగు రోజులు బాగుంది, ఐదో రోజు మళ్ళీ అదే మూలుగు. "అయితే డైనమో ఛార్జ్ చేస్తలేదు" అన్నారు ఇంకొకరు. విప్పి బాగు చేయించారు. వారం తర్వాత మళ్ళీ అదే. ఇప్పుడు సెల్ఫ్ మోటారు మీద పడ్డారు. అసలు దోషి మాత్రం ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగ, బురదకూ తుప్పుకూ పోగులు తెగి మూడో వంతు మిగిలింది. కొత్త బ్యాటరీ బలం కొన్నాళ్ళు ఆ లోపాన్ని కప్పిపెట్టింది, అంతే.

దీన్ని మొదటి రోజే పట్టే పరీక్ష ఒకటుంది. మల్టీమీటర్ ఒక మొనను బ్యాటరీ మైనస్ ముక్కుకు, రెండో మొనను ఇంజన్ మీద శుభ్రమైన ఇనుముకు ఆనించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. అంకె అర వోల్టు దాటితే కరెంటు తిరిగొచ్చే దారి పాడైంది. తీగ ఖరీదు బ్యాటరీ ఖరీదు ముందు ఎంత!

నలుగురు చేరినప్పుడు మనిషికి వచ్చే అసలు కష్టం ఇక్కడ కనిపిస్తుంది. సలహా చెప్పేవాళ్ళ మనసు మంచిదే. కానీ ప్రతి ఒక్కరూ తమ బండికి ఒకప్పుడు వచ్చిన జబ్బే మీ బండికీ వచ్చిందంటారు. వాళ్ళను నొప్పించకుండా ఒక్క ప్రశ్న అడగడం నేర్చుకోండి: "నువ్వన్నది నిజమైతే ఇంకేం కనిపించాలన్నా?" డైనమో పోతే స్టార్ట్ అయ్యాక మీటర్ 12.6 దాటదు, ఎర్ర బ్యాటరీ దీపం వెలుగుతూ ఉంటుంది. అది చూసే దాకా డైనమో విప్పనివ్వకండి. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చాక మళ్ళీ పరీక్షించండి. రెండు కలిపి మారిస్తే బండి లేచినా ఏది బాగుపడిందో తెలియదు. మళ్ళీ చెడినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టాలి.

చలికాలం మాట వచ్చింది కాబట్టి చెప్తాను. సంగారెడ్డి జిల్లాలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు గట్టివి. కోహీర్ వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. చలికి ఇంజనాయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. అందరూ నేరం చలి మీద వేస్తారు. నిజానికి బ్యాటరీని చంపేది మే నెల ఎండ. వేడికి లోపలి పలకలు తుప్పుపట్టి, నీళ్ళు ఇగిరిపోయి దాని బలం తగ్గుతుంది. ఎండాకాలంలో ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ బలహీనత బయటపడదు. చలి వచ్చాక పడుతుంది. కాబట్టి మూడేళ్ళు దాటిన బ్యాటరీని దసరా, దీపావళి మధ్య ఒకసారి పరీక్ష చేయించడం తెలివైన పని.

హైదరాబాద్‌లో పని చేస్తూ ఊళ్ళో బండి వదిలి వెళ్ళేవాళ్ళకు వేరే బాధ. నిలబడి ఉన్న బండి కూడా అలారం, గడియారం, కంప్యూటర్ కోసం కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. బయట పెట్టించిన టేపు, కెమెరా, జీపీఎస్ తప్పుగా కలిపితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. నెల రోజులు బండి తీయనివాళ్ళు మైనస్ తీగ విప్పి పెడితే సరిపోతుంది.

దిగిపోయిన బ్యాటరీకి పక్క బండి నుంచి కరెంటు ఇవ్వడం అందరూ చేసే పనే. మన ట్రాక్టర్లు మామూలుగా పన్నెండు వోల్టులవే, జంపర్ తీగలతో కారుకు ఇవ్వొచ్చు. లారీ, టిప్పర్ ఇరవై నాలుగు వోల్టులవి. రోడ్డు మీద ఆపి సాయం అడిగేటప్పుడు ఇది మరిచిపోవద్దు. ఇరవై నాలుగు వోల్టులు తగిలితే కారు కంప్యూటర్ కాలిపోవచ్చు, దాని ఖరీదుకు కొత్త బ్యాటరీలు ఎన్నో వస్తాయి. ప్లస్‌కు ప్లస్ కలిపాక, చివరి మైనస్ తీగను దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఆ బండి ఇంజన్ మీద ఇనుముకు కలపండి. నిప్పురవ్వ బ్యాటరీ మీద పడదు.

నెట్టి స్టార్ట్ చేయడం చేతి గేరు బండ్లకే. ఆటోమేటిక్ బండి ఎంత నెట్టినా లేవదు. నెట్టేటప్పుడు తాళం ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఇంజన్ లేవకముందు బ్రేకు చాలా గట్టిగా తొక్కితే గాని పట్టదు, కాబట్టి వాలులో చెరువు కట్ట వైపు, పిల్లలు ఆడుకునే వైపు నెట్టొద్దు.

ఇక ఇంజన్ బాగా తిరిగి అందుకోని బండి. పెట్రోలు బండికి పెట్రోలు, నిప్పురవ్వ, లోపలి ఒత్తిడి కావాలి. డీజిల్ బండికి నిప్పురవ్వ అక్కర్లేదు, ఒత్తిడితో పుట్టే వేడే చాలు. ముందు ముల్లు చూడండి, ట్యాంకులో ఇంధనం ఉందా. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదిది. పెట్రోలు బండిలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు "గూమ్" అని పంపు చప్పుడు రావాలి. రాకపోతే ఫ్యూజు చూడండి. పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే, ఉదాహరణకు హారన్‌ది, దాని చోట పెట్టి చూడొచ్చు. పంపు చప్పుడుండి, పెట్రోలు వాసన గుప్పుమంటుంటే లోపల పెట్రోలు నిండింది. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టి పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి, చాలా బండ్లలో అప్పుడు కంప్యూటర్ పెట్రోలు ఆపి గాలి మాత్రమే పంపుతుంది. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుతుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు. ఇంట్లో ఉన్న రెండో తాళం తెప్పించండి. బటన్ స్టార్ట్ బండి అయితే తాళంలోని చిన్న సెల్లు అయిపోయి ఉండొచ్చు, తాళాన్నే బటన్‌కు ఆనించి నొక్కి చూడండి.

చల్లగా ఉన్నప్పుడు బాగా లేచి, ఖేడ్ సంతలో అరగంట ఆగాక లేవని బండ్లుంటాయి. చల్లారాక మళ్ళీ ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతాయి. ఆ లక్షణం విని మెకానిక్ ముందు క్రాంక్ సెన్సర్ వైపు చూస్తాడు. మీరు "వేడి మీద లేస్తలేదు, చల్లబడితే లేస్తుంది" అని చెప్తే చాలు.

డీజిల్ బండి పొద్దున తెల్లటి పొగ వదులుతూ, తిరిగి తిరిగి లేస్తుంటే హీటర్ ప్లగ్గులు చూడాలి. తాళం ఆన్ చేశాక స్ప్రింగు చుట్ట లాంటి దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి, ఆ రెండు మూడు సెకన్ల ఓపిక లేక బాధపడేవాళ్ళు ఎందరో. డబ్బాల్లో నిలువ ఉంచిన డీజిల్ పోస్తే అడుగున చేరిన నీళ్ళు ఫిల్టర్‌లోకి వస్తాయి. ఫిల్టర్ కింద మర వదులు చేస్తే నీళ్ళు కారిపోతాయి. డీజిల్ అయిపోయి ఆగిన బండిలో గాలి పట్టి ఉంటుంది. డీజిల్ పోసినంత మాత్రాన లేవదు, చేతి పంపు గట్టిపడే దాకా నొక్కి గాలి తీయాలి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర మంట పెట్టడం, పెట్రోలు గుడ్డ చూపించడం, ఈథర్ స్ప్రే కొట్టడం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. హీటర్ ప్లగ్గు ఎర్రగా కాలుతున్న చోట ఈథర్ పేలితే ఇంజన్‌తో పాటు మనిషికీ దెబ్బే.

బానెట్ ఎత్తినప్పుడు ఎలుకల జాడ చూడండి. పంట ఇంటికి చేరే కాలంలో కంది, సోయా బస్తాల పక్కనే బండి పెడతాం. వెచ్చటి ఇంజన్ ఎలుకలకు మంచి గూడు. పెంటికలు, కొరికిన రబ్బరు ముక్కలు, పత్తి పోగులు కనిపిస్తే తీగలన్నీ వెతికే దాకా సెల్ఫ్ కొట్టవద్దు. తోలు ఊడిన తీగలు ఒకదానికొకటి తగిలితే మంట లేస్తుంది.

ఇవన్నీ చూశాక ఫోన్ చేయండి. అప్పుడు మీరు చెప్పేది ఇలా ఉంటుంది: "డీజిల్ బండి, రాత్రంతా ఆగింది. బ్యాటరీ 12.5 చూపిస్తుంది. సెల్ఫ్ కొడితే 11కు తగ్గుతుంది, మెల్లగా తిరుగుతుంది. టెర్మినల్ కడిగిన. ఎర్త్ దగ్గర వోల్టున్నర పోతుంది." ఇది విన్న మెకానిక్ ఎర్త్ తీగ చేతిలో పట్టుకునే బయల్దేరతాడు. అతని పూట మిగులుతుంది, మీ వేలు మిగులుతాయి. చేతిలో విద్య ఉన్న మనిషికి మనం ఇవ్వగలిగిన గౌరవం కూడా ఇదే, చూసింది చూసినట్టు చెప్పడం, ఊహను చూసినదానిలా చెప్పకపోవడం.

బండి బాగున్నప్పుడే ఒక పని చేయండి. ఈ ఆదివారం పొద్దున సెల్ఫ్ కొట్టకముందు వోల్టేజీ, కొట్టేటప్పుడు వోల్టేజీ, స్టార్ట్ అయ్యాక వోల్టేజీ కొలిచి, తేదీ వేసి, బ్యాటరీ కొన్న నెలతో సహా రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ, కోడలికైనా, కొడుకుకైనా, ఆ కాగితం ఎక్కడుందో చూపించండి.